సంతాన పోషణ రీతి – జంతుజాతుల జన్యు వైవిధ్యం

పరిచయం

ఒక జీవజాతిలోని ఏ ఇద్దరు జీవుల డీఎన్ఏను పోల్చినా కొన్ని స్థానాల్లో తేడాలు కనిపిస్తాయి. ఈ తేడాల సగటునే ఆ జాతి జన్యు వైవిధ్యంగా పరిగణిస్తారు. మారుతున్న వాతావరణానికి, కొత్త రోగాలకు, కొత్త మందులకు తట్టుకోవడానికి జీవజాతికి ఉన్న మూలధనం ఇదే. ప్రజనన శాస్త్రజ్ఞుడు మేలైన పశువును ఎంపిక చేసుకోగలగడానికీ, పురుగుమందు ప్రయోగించిన పొలంలో కొన్ని పురుగులు బతికి బయటపడడానికీ ఆధారం ఒక్కటే. జనాభాలో ముందుగానే ఉన్న జన్యుపరమైన తేడాలే ఆ ఆధారం.

సంఖ్యాబలం ఎక్కువగా ఉన్న జాతిలో వైవిధ్యం కూడా ఎక్కువగా ఉంటుందని సాధారణంగా భావిస్తారు. మానవజాతిని గమనిస్తే ఈ భావన అసంపూర్ణమని తెలుస్తుంది. భూమిపై 800 కోట్లకు పైగా మనుషులున్నారు. అయినా ఏ ఇద్దరి డీఎన్ఏను పోల్చినా సుమారు వెయ్యి అక్షరాలకు ఒక తేడా, అంటే 0.1 శాతం మాత్రమే కనిపిస్తుంది. అరటిపండు చుట్టూ తిరిగే చిన్న పండు ఈగలో ఇది సుమారు 1 శాతం. సముద్రపు అడుగున రాళ్లను అంటుకుని జీవించే కొన్ని జీవుల్లో 4 శాతానికి మించి కూడా ఉంది. ఈ వ్యత్యాసాలకు కారణం ఆ జీవుల జీవనచక్ర లక్షణాల్లో, ముఖ్యంగా అవి సంతానాన్ని కని పెంచే తీరులో ఉన్నదని గత దశాబ్దపు పరిశోధనలు సూచిస్తున్నాయి. ఈ సూత్రాన్ని, వ్యవసాయ, పశు, మత్స్య రంగాలలో దాని ప్రాధాన్యాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వైవిధ్యం జమాఖర్చులు

జన్యు వైవిధ్యాన్ని ఒక చెరువులోని నీటితో పోల్చవచ్చు. ఉత్పరివర్తనాలు దానిలోకి కొత్త నీటిని చేరుస్తాయి. జన్యు విస్థాపన ఆ నీటిని బయటకు పంపుతుంది. ప్రతి తరంలోనూ కొందరు జీవులు సంతానం లేకుండా పోతారు. మరికొందరి సంతానం ఎక్కువగా నిలుస్తుంది. ఈ యాదృచ్ఛిక తేడాల వల్ల కొన్ని యుగ్మవికల్పాలు జనాభా నుంచి శాశ్వతంగా అదృశ్యమవుతాయి. జనాభా చిన్నదైన కొద్దీ ఈ నష్టం వేగవంతమవుతుంది. ప్రకృతి వరణ ప్రభావం లేని డీఎన్ఏ స్థానాల్లో ఈ రాకపోకలు సమతూకానికి వచ్చినప్పుడు ఉండే వైవిధ్యం, ప్రభావక జనాభాను ఉత్పరివర్తన రేటుతో హెచ్చించి వచ్చిన ఫలితానికి నాలుగు రెట్లు ఉంటుంది. 1968లో మోటూ కిమురా ప్రతిపాదించిన తటస్థ సిద్ధాంతం ఈ లెక్కకు పునాది.

ఇక్కడ ప్రభావక జనాభా అంటే లెక్కకు వచ్చే తలల సంఖ్య కాదు. తర్వాతి తరానికి సమానంగా జన్యువులను అందించే ఒక ఆదర్శ జనాభా ఎంత పరిమాణంలో ఉంటే, వాస్తవంలో కనిపించినంత వైవిధ్య నష్టం కలుగుతుందో ఆ పరిమాణమే ప్రభావక జనాభా. రెండు ఉదాహరణలతో ఇది స్పష్టమవుతుంది.

మొదటిది, 990 ఆవులకు 10 ఆబోతులు ఉన్న మంద. మొత్తం పశువులు 1,000. ఆడ, మగ సంఖ్యల లబ్ధాన్ని నాలుగుతో హెచ్చించి మొత్తంతో భాగిస్తే ప్రభావక జనాభా సుమారు 40 మాత్రమే. తర్వాతి తరంలోని జన్యువుల్లో సగం ఆ పది ఆబోతుల నుంచే రావడం దీనికి కారణం.

రెండవది, వరుసగా తొమ్మిది తరాలు 10,000 జీవులుగా ఉండి, ఒక్క తరంలో 100కు పడిపోయిన జనాభా. సాధారణ సగటు 9,000కు పైగా వస్తుంది. కానీ తరాల మీద ప్రభావక జనాభాను హరాత్మక సగటుతో లెక్కించాలి. అది సుమారు 917. అంటే ఒక్క దుర్భర తరం తొమ్మిది మంచి తరాల ఫలితాన్ని తుడిచివేసింది. ఉత్తర ఏనుగు సీలు చరిత్ర దీనికి ప్రసిద్ధ నిదర్శనం. నూనె కోసం సాగిన వేటవల్ల 19వ శతాబ్దం చివరికి కొన్ని పదుల సంఖ్యకు పడిపోయిన ఈ జంతువు, రక్షణ లభించాక వేలాదిగా పెరిగింది. అయినా 1974లో బానెల్, సెలాండర్ 159 సీళ్లలో 24 ప్రోటీన్ స్థానాలను పరీక్షించగా ఒక్క దానిలోనూ తేడా కనిపించలేదు. సంఖ్య తిరిగి వచ్చింది. వైవిధ్యం తిరిగి రాలేదు.

లెవొంటిన్ వైరుధ్యం

1966లో లెవొంటిన్, హబీ ఎలక్ట్రోఫోరిసిస్ పద్ధతితో పండు ఈగల ప్రోటీన్లను పరిశీలించి, ప్రకృతిలో ఊహించిన దానికన్నా ఎక్కువ వైవిధ్యం ఉన్నట్లు చూపారు. తర్వాత అనేక జీవజాతులపై సమాచారం పోగుపడగా, 1974లో వెలువరించిన గ్రంథంలో లెవొంటిన్ ఒక చిక్కు ప్రశ్నను ముందుంచారు. జీవజాతుల సంఖ్యాబలంలో కోట్ల రెట్ల తేడాలున్నా, జన్యు వైవిధ్యంలో అంతటి తేడాలు ఎందుకు లేవన్నదే ఆ ప్రశ్న. డీఎన్ఏను నేరుగా చదవగలుగుతున్న ఈ రోజుల్లో కూడా జాతుల మధ్య వైవిధ్యంలో తేడా సుమారు వెయ్యి రెట్ల పరిధిలోనే కనిపిస్తోంది. కాబట్టి ఈనాటి తలల లెక్క వైవిధ్యాన్ని అంచనా వేయడానికి మంచి కొలమానం కాదు. మరి ఏది మంచి కొలమానం?

76 జాతుల అధ్యయనం

2014లో రోమిగ్యే, గాల్తియే తదితరులు నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు గణనీయమైన సమాధానం ఇచ్చింది. ప్రయోగశాలల్లో సాధారణంగా వాడే జంతువులను పక్కనబెట్టి, ఎనిమిది వర్గాలకు, 31 కుటుంబాలకు చెందిన 76 జంతుజాతులను వారు ఎంచుకున్నారు. వీటిలో పురుగులు, నత్తలు, సముద్రపు ఉర్చిన్లు, వానపాములు, పక్షులు, క్షీరదాలు ఉన్నాయి. ప్రోటీన్‌ను మార్చని డీఎన్ఏ స్థానాల్లో వైవిధ్యాన్ని కొలిచారు. ఒక చెదపురుగు జాతిలో అది సుమారు 0.1 శాతం, ఒక సముద్రపు నత్త జాతిలో 8 శాతానికి మించి ఉంది.

తర్వాత ఈ వైవిధ్యాన్ని రెండు రకాల అంశాలతో సరిపోల్చారు. మొదటి రకం భౌగోళికమైనవి: జాతి విస్తరించిన ప్రాంతం, సముద్రజీవా భూచరమా అన్న విషయం వంటివి. ఇవి వైవిధ్యాన్ని చెప్పుకోదగినంతగా వివరించలేదు. రెండవ రకం జీవనచక్ర లక్షణాలు: దేహ పరిమాణం, బరువు, ఆయుర్దాయం, సంచార శక్తి, సంతాన సంఖ్య, తల్లి నుంచి విడివడేటప్పటి సంతాన పరిమాణం. ఈ ఆరు లక్షణాలు కలిసి జాతుల మధ్య వైవిధ్య వ్యత్యాసంలో 70 శాతానికి పైగా వివరించాయి. వీటిలో చివరిదే అత్యంత శక్తిమంతమైన సూచిక. ఆ ఒక్క లక్షణమే సగానికి పైగా వ్యత్యాసాన్ని వివరించింది.

ఈ లక్షణాన్ని కొంత వివరంగా అర్థం చేసుకోవాలి. తల్లి పోషణను వదిలి స్వతంత్రంగా బయలుదేరే నాటికి సంతానం ఎంత పెద్దది అన్నదే ఇక్కడి కొలత. గుడ్లను నీటిలో వదిలివేసే జీవికి అది గుడ్డు పరిమాణం. పిల్లలను పొదివి పెంచే జీవికి అది పిల్ల పరిమాణం. చెదపురుగులు, చీమల విషయంలో గూడు విడిచి ఎగిరే రెక్కల పురుగు, అంటే మన ఉసిళ్ల వంటివి, ఆ దశకు వస్తాయి. చెదపురుగు చిన్న ప్రాణే అయినా, దాని గూడు మొత్తం కలిసి పెంచి పంపే సంతానం మాత్రం దేహానికి తగినట్లు చూస్తే చాలా పెద్దది. పుట్టలో లక్షల చెదలున్నా సంతానాన్ని కనేది రాజు, రాణి మాత్రమే. అందువల్ల దాని జన్యు వైవిధ్యం పెద్ద క్షీరదాల స్థాయిలోనే ఉంది.

దగ్గరి బంధువుల మధ్య పోలిక ఇంకా స్పష్టమైనది. సముద్రపు ఉర్చిన్లలో కొన్ని జాతులు సూక్ష్మమైన గుడ్లను నీటిలోకి వదిలేస్తాయి. దక్షిణ సముద్రాలలోని అబాటస్ అనే ఉర్చిన్ తన దేహంపై ఉండే సంచుల్లో పిల్లలను పెంచి, కొంత ఎదిగిన తర్వాతే విడిచిపెడుతుంది. దేహ నిర్మాణంలో ఇవి ఒకే రకం జీవులు. అయినా పిల్లలను పొదివే అబాటస్‌లో వైవిధ్యం తక్కువ, గుడ్లను వదిలే జాతుల్లో ఎక్కువ.

కారణం ఏమిటి?

లక్షల గుడ్లు పెట్టే జీవిలో వైవిధ్యం ఎక్కువగా ఉండటానికి గుడ్ల సంఖ్యే నేరుగా కారణమని భావించడం పొరపాటు. నిజానికి అటువంటి జీవుల్లో ఒకే తల్లి సంతానం ఎక్కువగా నిలిచి, అనేకమంది తల్లుల సంతానం పూర్తిగా నశించడం సాధారణం. ఆలుచిప్పలపై 1994లో హెడ్జ్‌కాక్ దీనిని లాటరీతో పోల్చారు. ఇది ప్రభావక జనాభాను తలల లెక్క కంటే ఎంతో తగ్గిస్తుంది. ఉత్పరివర్తన రేటు కూడా సరైన వివరణ ఇవ్వదు. ఎక్కువకాలం జీవించే పెద్ద జంతువుల్లో తరానికి ఉత్పరివర్తనాలు ఎక్కువే. వాటి వైవిధ్యమే తక్కువ.

పై అధ్యయనం ప్రతిపాదించిన వివరణ మనుగడకు సంబంధించినది. ప్రతి జీవజాతి తన చరిత్రలో కరువులు, చలికాలాలు, ఆవాస నష్టాలు వంటి విపత్తులను అనేకసార్లు ఎదుర్కొంటుంది. కొద్ది పిల్లలను కని, వాటిని పెద్దగా పెంచి పంపే జాతిలో పిల్లలు బతికే అవకాశం నిలకడగా ఉంటుంది. కాబట్టి అటువంటి జాతి కొన్ని వందల సంఖ్యకు పడిపోయినా తట్టుకుని కొనసాగగలదు. అయితే ఆ ఇరుకు దారిని దాటిన ప్రతిసారీ వైవిధ్యంలో కొంత కోల్పోతుంది. గుడ్లను గాలికి, నీటికి వదిలే జాతి పరిస్థితి వేరు. దాని సంతానం నిలవడం ఆ ఏటి పరిస్థితులపై ఆధారపడుతుంది. జనాభా బాగా తగ్గినప్పుడు ఒక్క చెడు సంవత్సరం వస్తే ఆ జాతి పూర్తిగా అంతరించవచ్చు. అందువల్ల నేడు మనకు కనిపిస్తున్న అటువంటి జాతులన్నీ విపత్తుల్లో కూడా పెద్ద జనాభాను నిలబెట్టుకోగలిగినవే. చిన్న జనాభాకు పడిపోయినవి ఇప్పుడు లెక్కలో లేవు.

అంటే తక్కువ వైవిధ్యంతో కొనసాగడం సంతానాన్ని జాగ్రత్తగా పెంచే జాతులకు సాధ్యమైంది. అధిక వైవిధ్యం సంతానాన్ని వదిలివేసే జాతుల మనుగడతో ముడిపడి ఉంది.

సూత్రానికి పరిమితులు

ఈ సూత్రం విస్తృత వర్గాల మధ్య బలంగా కనిపిస్తుంది. ఒకే వర్గంలోని దగ్గరి జాతుల మధ్య అంత బలంగా ఉండకపోవచ్చు. 2019లో మెకింటాష్ తదితరులు ఐరోపాలోని 38 సీతాకోకచిలుక జాతులను పరిశీలించినప్పుడు గుడ్డు పరిమాణానికీ వైవిధ్యానికీ సంబంధం కనిపించలేదు. దేహ పరిమాణం తగ్గినకొద్దీ, క్రోమోజోముల సంఖ్య పెరిగినకొద్దీ వైవిధ్యం పెరిగింది. క్రోమోజోముల సంఖ్యకు ఉన్న సంబంధాన్ని అనుబద్ధ వరణం వివరిస్తుంది. ఒక జన్యువుపై ప్రకృతి వరణం పనిచేసినప్పుడు దాని ఇరుగుపొరుగు డీఎన్ఏలోని వైవిధ్యం కూడా తగ్గుతుంది. క్రోమోజోములు ఎక్కువైతే పునస్సంయోజనం పెరిగి ఈ నష్టం పరిమితమవుతుంది. ప్రజనన విధానం కూడా ముఖ్యమే. స్వయంఫలదీకరణ జరుపుకునే జీవుల్లో, పిల్లలు ఎంత చిన్నవైనా, వైవిధ్యం తక్కువగా ఉంటుంది. కాబట్టి సంతాన పోషణ రీతిని మొదటి అంచనాకు మంచి సూచికగా వాడాలి, తుది తీర్పుగా కాదు.

చీడపురుగులు: వైవిధ్యమే వాటి బలం

రైతు పొలంలోని ముఖ్యమైన చీడలు చాలావరకు ఈ కొలబద్దలో అధిక వైవిధ్యం వైపునే ఉంటాయి. శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు అర మిల్లీమీటరు గుడ్లను ఒక్కొక్కటిగా వెయ్యికి పైగా పెట్టి వెళ్లిపోతుంది. ఏడాదికి అనేక తరాలు పూర్తిచేస్తుంది. పత్తి, కంది, శనగ, మిరప, టమాటా వంటి అనేక పంటలపై బతుకుతుంది. దూర ప్రాంతాలకు వలస వెళ్తుంది. 1987-88లో కోస్తా ఆంధ్ర పత్తి పొలాల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ఈ పురుగును అదుపు చేయలేకపోయాయి. మళ్లీ మళ్లీ పిచికారీ చేసినా పంట దక్కక రైతులు తీవ్రంగా నష్టపోయారు. ఆ ప్రాంతపు పురుగుల్లో మందును తట్టుకునే శక్తి ఏర్పడినట్లు తర్వాతి పరీక్షల్లో తేలింది.

మందు నిరోధక శక్తిని సృష్టించదు. ముందే ఉన్న దానిని ఎంపిక చేస్తుంది. నిరోధక యుగ్మవికల్పం వెయ్యికి ఒకటి చొప్పున ఉన్నదనుకుందాం. పది లక్షల పురుగుల్లో దానికి 2,000 ప్రతులుంటాయి. రెండు ప్రతులూ గల సమయుగ్మజ పురుగు సగటున ఒక్కటే. మిగిలినవన్నీ ఒక్క ప్రతి గల విషమయుగ్మజ పురుగుల్లో, సుమారు 1,998 వాటిలో, దాగి ఉంటాయి. నిరోధకత అంతర్గత లక్షణమైతే, అంటే రెండు ప్రతులు ఉన్నప్పుడే బయటపడేదైతే, బీటీ పత్తిలో ఈ విషమయుగ్మజాలు చనిపోవాలి. బతికిన ఆ ఒక్క పురుగు సాధారణ పురుగుతో జతకడితే సంతానం మళ్లీ విషమయుగ్మజమే అవుతుంది. బీటీ రహిత పత్తిని ఆశ్రయ పంటగా వేయాలన్న నియమానికి ఇదే ఆధారం. 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు పొలం చుట్టూ ఐదు వరుసలు లేదా 20 శాతం విస్తీర్ణం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది, ఆశ్రయంగా ఉండాలని నిర్దేశించారు.

శనగపచ్చ పురుగుకు కంది, శనగ వంటి పంటలు సహజ ఆశ్రయాలుగా పనిచేస్తాయి. గులాబీ రంగు పురుగుకు ఆ వెసులుబాటు లేదు. అది దాదాపుగా పత్తినే ఆశ్రయిస్తుంది. ఆశ్రయ వరుసలు వేయని పొలాల్లో దాని ప్రతి తరమూ బీటీ విషాన్ని ఎదుర్కొంది. ఒకే జన్యువు గల బీటీ పత్తిని గులాబీ రంగు పురుగు తట్టుకుంటున్నట్లు 2010లో గుజరాత్ నుంచి వెల్లడైంది. తర్వాత కొన్నేళ్లకే రెండు జన్యువుల పత్తి విషయంలోనూ అదే జరిగింది. ఆశ్రయ పంట విత్తనాన్ని వృథా ఖర్చుగా భావించే రైతుకు ఈ వివరణను ఇంత సూటిగా చెప్పగలిగితే విస్తరణ కార్యక్రమం ప్రయోజనం నెరవేరుతుంది.

పశువులు: మొదటి నుంచీ పరిమిత నిధి

పశుసంపద ఈ కొలబద్దకు రెండో చివరన ఉంటుంది. ఆవు ఈతకు సాధారణంగా ఒకే దూడను వేసి, నెలల తరబడి పోషిస్తుంది. పెద్ద దేహం, తక్కువ సంతానం, దీర్ఘ తరం గల ఇటువంటి జంతువుల్లో సహజంగానే వైవిధ్యం పరిమితం. దానిపై కృత్రిమ గర్భధారణ ద్వారా కొద్ది ఆబోతుల వీర్యాన్ని విస్తృతంగా వాడితే ప్రభావక జనాభా మరింత కుంచించుకుపోతుంది. ప్రపంచవ్యాప్తంగా కోట్ల సంఖ్యలో ఉన్న హోల్‌స్టీన్ ఆవుల ప్రభావక జనాభా అనేక అంచనాల్లో 100 దాటదు. నెల్లూరు పేరుతో బ్రెజిల్‌లో విస్తరించిన ఒంగోలు సంతతి పశువులు నేడు కోట్లలో ఉన్నా, భారతదేశం నుంచి అక్కడికి చేరిన మూల పశువులు కొద్ది వేలే. పుంగనూరు వంటి అరుదైన పొట్టి జాతి విషయంలో అసలు సంఖ్యే తక్కువ. అందువల్ల సంరక్షణ కార్యక్రమాల్లో ఎన్ని పశువులున్నాయన్న ప్రశ్నతోపాటు, ఎన్ని వేర్వేరు ఆబోతుల సంతానం ఉన్నదన్న ప్రశ్న కూడా నమోదు కావాలి.

చేపలు: హేచరీలో తారుమారు

చేపల విషయంలో ఒక విచిత్ర పరిస్థితి ఉంది. రోహు తల్లిచేప కిలో బరువుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. నదిలో ఇది పెద్ద జనాభాతో ముడిపడిన లక్షణం. హేచరీలో ఇదే లక్షణం ప్రమాదకరంగా మారుతుంది. రెండేసి కిలోల తల్లిచేపలు 25 ఉంటే కోటి గుడ్లు సిద్ధం. అంతకుమించి తల్లిచేపలను పోషించడం అనవసర ఖర్చుగా కనిపిస్తుంది. నదిలో విపత్తులు వడపోసి నిలిపిన పెద్ద జనాభా, హేచరీలో కొద్ది జతలకు కుదించుకుపోతుంది.

1990లో ఏక్‌నాథ్, డాయిల్ కర్ణాటక హేచరీల్లోని భారతీయ కార్పు చేపలపై జరిపిన అధ్యయనంలో ప్రభావక జనాభా 3 నుంచి 30 వరకు, తరానికి అంతఃప్రజననం 2 నుంచి 17 శాతం వరకు ఉన్నట్లు అంచనా వేశారు. ప్రభావక జనాభా 10 అయితే తరానికి 5 శాతం చొప్పున పది తరాల్లో సుమారు 40 శాతం వైవిధ్యం పోతుంది. అదే 50 అయితే పది తరాల నష్టం 10 శాతంలోపే. కొల్లేరు పరిసరాల్లో విస్తారంగా సాగే కార్పు చేపల పెంపకానికి ఈ లెక్క ప్రత్యక్షంగా వర్తిస్తుంది. ఎదుగుదల మందగించడం, అంగవైకల్యాలు, పిల్లల మరణాలు అంతఃప్రజననపు సాధారణ లక్షణాలు. నష్టపోయేది విత్తనం కొన్న రైతు.

సరిదిద్దే మార్గం కూడా ఉంది. భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి మత్స్య సంస్థ నార్వే సహకారంతో 1992లో ఆరంభించిన రోహు ఎంపిక కార్యక్రమంలో గంగ, యమున, బ్రహ్మపుత్ర, గోమతి, సట్లెజ్ నదుల నుంచి సేకరించిన చేపలను స్థానిక హేచరీ చేపలతో కలిపి పునాది జనాభాను ఏర్పరిచారు. జయంతి రోహు ఆ విశాల పునాది ఫలితం.

ఆచరణకు సూచనలు

1. హేచరీల్లో తరానికి ప్రభావక జనాభా కనీసం 50 ఉండేలా ఆడ, మగ తల్లిచేపలను వీలైనంత సమాన సంఖ్యలో వాడాలి.
2. తర్వాతి తరపు తల్లిచేపలను ఒకే జత సంతానం నుంచి ఏరకుండా, ప్రతి జత నుంచి సమాన సంఖ్యలో తీసుకోవాలి. ఈ ఒక్క పద్ధతితోనే ప్రభావక జనాభా దాదాపు రెట్టింపవుతుంది.
3. గ్రామాల్లో ఆబోతులను, పొట్టేళ్లను నిర్ణీత కాలానికి మార్చాలి. వాటి వంశ వివరాలు నమోదు చేయాలి.
4. చీడల యాజమాన్యంలో ఒకే రకం మందును వరుస తరాలపై వాడరాదు. ఆశ్రయ పంటను తప్పనిసరిగా వేయించాలి.

ముగింపు

సంతానాన్ని వదిలివేసే జీవులు వైవిధ్యంలో సంపన్నమైనవి; సంతానాన్ని పెంచి పంపే జీవులు పరిమితమైన నిధితో బతుకుతున్నాయి. రైతు అదుపు చేయాలనుకునే చీడలు మొదటి వర్గంలో, కాపాడుకోవాలనుకునే పశువులు రెండవ వర్గంలో ఉండటం వ్యవసాయ రంగానికి ఉన్న సహజమైన ఇబ్బంది. మొదటి వర్గానికి చెందిన చేపలను హేచరీ నిర్వహణ లోపంతో రెండవ వర్గం స్థాయికి దిగజార్చడం మాత్రం మానవ నిర్మితం, నివారించదగినది. క్షేత్రంలో ఏ జీవి గురించి నిర్ణయం తీసుకోవలసి వచ్చినా, అది ఎన్ని ఉన్నదో లెక్కించడంతోపాటు తన సంతానాన్ని ఏ దశలో లోకానికి వదులుతుందో, ఎందరు తల్లిదండ్రుల నుంచి వచ్చిందో గమనించడం శాస్త్రీయమైన తొలి అడుగు.